పైకి గీసిన నాలుగో గీత

ఏరు పొంగి కింది వంతెన కొట్టుకుపోయి అప్పటికి నాలుగో ఏడు. వంతెన మళ్ళీ కట్టలేదు. అందువల్ల మా బండి కొండ చుట్టూ తిరిగి పైకి పోవాల్సి వచ్చేది. ఆ ఎక్కుడే లేకపోతే బండిలో నీళ్ళు తగ్గుతున్న సంగతి మాకు తెలిసేది కాదేమో. చదును రోడ్డు మీద ఏ ఇంజనైనా మంచిదే.

బండంటే పికప్పు. ముందు ఇద్దరు పడతారు, వెనక తొట్టి. నా చేతికి వచ్చేటప్పటికే అది పాతది. ఆ తర్వాత నా చేతిలోనే ఇంకా పాతబడింది.

మా అమ్మాయిది లాండ్రీ. కొండ మీద తొమ్మిది లాడ్జీలు ఉన్నాయి. వాటి దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ మా దగ్గరికే వస్తాయి. మిషన్లు అమ్మాయీ అల్లుడూ చూసుకుంటారు. ఉతికినవి పైకి చేర్చి మాసినవి కిందికి తేవడం నాదీ మా ఆవిడదీ. నేను నడుపుతాను. ఆవిడ పక్కన కూర్చుని ఏ మూట ఏ లాడ్జీదో చూసుకుంటుంది. తొట్టి ఎంత సర్దినా ఒక మూట మిగిలేది. దాన్ని ఆవిడ కాళ్ళ కింద పెట్టుకునేది. అది తువ్వాళ్ళ మూట. మా ఊరి చలికి తువ్వాళ్ళు ఓ పట్టాన ఆరవు. పైకి పోయేటప్పుడు సగం తడి, దిగేటప్పుడు పూర్తి తడి. కాబట్టి మా బండిలో తడి లేని రోజు ఉండదు. అద్దాలకు ఆవిరి పట్టని రోజూ ఉండదు. మేం దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాం.

మొదటిసారి బండి మూడో మలుపు దగ్గర ఆగింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. దిగి చూస్తే నీళ్ళ డబ్బా ఖాళీ. సీసాలో ఉన్న తాగేనీళ్ళు పోసి, గంటసేపు కూర్చుని, మెల్లగా ఇంటికొచ్చాం. రెండోసారి అక్కడికి ఇంకాస్త పైన ఆగింది. ఆ రోజు ఒక లాడ్జీ వాళ్ళకు మంచాల మీద వేయడానికి దుప్పట్లు లేక, వచ్చినవాళ్ళను నిలబెట్టాల్సి వచ్చిందట. అమ్మాయికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నారు.

సాయంత్రం అమ్మాయి షెడ్డు దగ్గరికి వచ్చింది. చేతిలో మడత పెడుతున్న దుప్పటి అలాగే ఉంది.

"నాన్నా, పొద్దున నీళ్ళు చూసుకున్నావా?"

"చూసుకున్నాను."

"పోశావా?"

"పోశాను."

"పోస్తే ఎక్కడికి పోయాయి?"

వంగి బండి కిందికి చూశాను.  నేల పొడిగా ఉంది.

"ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగిందంటే తాళం నాకిచ్చెయ్. నేనే నడుపుతాను."

"ఆగింది బండి కదే."

"బండయితే బాగుచేయిస్తాను నాన్నా." అంతవరకే అంది. దుప్పటి నాలుగో మడత పెట్టింది. "పెదనాన్నకు కూడా ఇలాగే..." అని ఆపేసి లోపలికి పోయింది.

మా అన్న తాపీ పని చేసేవాడు. కంటితో చూసి గోడ నిటారుగా లేపేవాడు. అరవై దాటాక ఒకరోజు కొళాయి తిప్పి కట్టడం మరిచిపోయాడు. అందరం నవ్వాం. తర్వాత ఒకరోజు పొయ్యి ఆర్పడం మరిచాడు. తర్వాత ఇంటి దారి. ఆఖరి ఏడు నేను చూడబోతే, "ఎవరి తాలూకు?" అని అడిగాడు. నేను నా పేరు చెప్పాను. "మంచిది, కూర్చోండి" అన్నాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఏదైనా మరిచిపోతే ఎవరూ నవ్వరు.

కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టాలి. కారుతుంటే తప్పు బండిది. కారకపోతే నాది.

మా బండి బానెట్ తెరవడం అందరివల్లా కాదు. లోపల లాగే తీగ ఎప్పుడో తెగింది. ఎడమ లైటు పక్కన వేలు దూరేంత సందు ఉంటుంది. అందులోకి స్క్రూడ్రైవర్ పోనిచ్చి, కొక్కేన్ని మన వైపు కాకుండా కిందికి తొయ్యాలి. అదే సమయంలో మోచేత్తో బానెట్‌ను నొక్కాలి. ఈ విద్య నాకూ, మా ఆవిడకూ, మెకానిక్‌కూ తప్ప ఎవరికీ రాదు. అల్లుడు ఒకసారి ప్రయత్నించి గోరు ఊడగొట్టుకున్నాడు.

తెరిచి, ఒక్కో పైపూ చేత్తో తడిమాను. రేడియేటర్‌కు పైన వచ్చే పైపు, కింద వచ్చే పైపు, రెండూ పొడిగానే ఉన్నాయి. క్లిప్పులన్నీ బిగించాను. నీళ్ళ పంపు కింద చిన్న బొక్క ఉంటుంది, పంపు చెడితే అందులోంచి చుక్క కారుతుంది. అక్కడ వేలు పెట్టి చూశాను. దుమ్ము అంటింది, తడి అంటలేదు. మేం పోసేది మామూలు నీళ్ళు కాదు. పచ్చరంగు మందు కలిపిన నీళ్ళు. కారితే మరక పడి తీరాలి. ఎక్కడా మరక లేదు.

చిరిగిన దుప్పటి ఒకటి తెచ్చి ఇంజన్ కింద పరిచాను. తెల్లటి దుప్పటి. లాండ్రీ వాళ్ళకు చిరిగిన దుప్పట్లకు కొదవా. పొద్దున చూస్తే దాని మీద ఒక్క పచ్చ చుక్క లేదు. ఒక మూల చిన్న నూనె చుక్క, ఒక బల్లి.

డబ్బాలో మాత్రం నీళ్ళు వేలెడు తగ్గాయి.

ఇక లాభం లేదని పద్ధతిగా చూద్దామనుకున్నాను. ఆ డబ్బా తెల్ల ప్లాస్టిక్‌ది, ఇంజన్ గదిలో వెనక ఎత్తుగా బిగించి ఉంటుంది, లోపలి నీళ్ళు బయటికి కనిపిస్తాయి. దానికి రబ్బరు బ్యాండు ఒకటి చుట్టాను. రోజూ సాయంత్రం ఇంజన్ చల్లారాక, బ్యాండును నీళ్ళ మట్టం దగ్గరికి జరిపేవాణ్ణి. పొద్దున చూసేవాణ్ణి. నీళ్ళు బ్యాండుకు కిందికి పోతే షెడ్డు గోడ మీద సుద్దముక్కతో కిందికి ఒక గీత. కిందికి తప్ప పైకి గీయాల్సి వస్తుందని అప్పుడు నాకు తోచలేదు.

మొదటి పొద్దు కిందికి. రెండో పొద్దు కిందికి. మూడో పొద్దు బానెట్ ఎత్తి చూస్తే నీళ్ళు బ్యాండుకు పైన ఉన్నాయి.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. పైనే ఉన్నాయి. రెండు వేళ్ళు పైన.

నీళ్ళు తగ్గడం చూశాను. యాభై ఏళ్ళుగా బళ్ళు నడుపుతున్నాను, రాత్రికి రాత్రి పెరిగిన నీళ్ళు ఎక్కడా చూడలేదు. ఆవు పాలు చేపినట్టు డబ్బా నీళ్ళు చేపుతుందా?  చేసేది లేక గోడ మీద పైకి ఒక గీత గీశాను.

అప్పుడు పచ్చమందు డబ్బా గుర్తొచ్చింది. షెడ్డు మూల ఉంటుంది. ఎత్తి చూశాను. తేలిగ్గా ఉంది. నిన్నటికంటే తేలిగ్గా. అంటే ఎవరో పోశారు. షెడ్డులోకి వచ్చేది నేను. బానెట్ తెరిచేది నేను. నేనే పోసి ఉండాలి. పోసినట్టు నాకు గుర్తు లేదు.

చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించినట్టయింది. ఎవరికీ చెప్పలేదు.

దానికి తోడు కళ్ళు. ఆ మధ్య సాయంత్రాలు ఎదురొచ్చే బళ్ళ లైట్లు నాకు చెదిరిపోయి కనిపించేవి. ముందు అద్దానికి పొర పట్టినట్టు ఉండేది. మా ఆవిడ దిండు గలీబుతో తుడిచేది. తుడిచినా పోయేది కాదు, సాగేది. "తువ్వాళ్ళ ఆవిరి" అనేది ఆవిడ. నేను సరే అనేవాణ్ణి. లోపల మాత్రం, కళ్ళు కూడా పోతున్నాయనుకునేవాణ్ణి. బుర్ర, కళ్ళు, రెండూ ఒకేసారి. తాళం ఇచ్చేయాల్సిందేనేమో. ఇచ్చేశాక పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? గడప దగ్గర కూర్చుని దుప్పట్ల చివరలు పట్టుకోవాలి. అల్లుడు లాగి దులుపుతుంటే నేను రెండో చివర పట్టుకోవాలి.

ఐదో పొద్దు మళ్ళీ పైకి గీత. మందు డబ్బా మళ్ళీ తేలిక.

ఆ రోజే మెకానిక్ దగ్గరికి పోయాను. కూడలి దగ్గర అతని షెడ్డు. అతన్ని అందరూ గొణుగుడు అంటారు. బండితో మాట్లాడతాడు, మనుషులతో గొణుగుతాడు. మా అమ్మాయి ఈడువాడు.

"ఏం బాబాయ్, ముసలిది మళ్ళీ మొరాయించిందా?"

"నీళ్ళు పోతున్నాయి."

"ఎక్కడికి?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకు వస్తాను."

గొణుక్కుంటూ బానెట్ తెరిచాడు. డబ్బా మూత తీసి, అక్కడ గాలి పంపు బిగించి కొట్టాడు. గాలి ఒత్తిడికి నీళ్ళు ఏ సందులోంచైనా బయటికి తోసుకొస్తాయి. పంపు ముల్లు పైకి లేచింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ముల్లు మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, కిందికి దిగింది.

"పోతోంది బాబాయ్. పోతోందిగానీ ఎటు పోతోందో చెప్పట్లేదు."

టార్చిలైటు పట్టుకుని కింద దూరాడు. అంతా పొడి. నూనె కొలిచే గజం తీసి చూశాడు. నూనెలో నీళ్ళు కలిస్తే పాలవిరుగుడులా తెల్లగా ఉంటుంది. నూనె నల్లగానే ఉంది. బండి స్టార్ట్ చేయించి పొగ చూశాడు. తెల్లపొగ లేదు. తల గోక్కున్నాడు. చేతి గ్రీజు జుట్టుకు అంటింది.

"లోపల హీటర్ ఉంది కదా, ఈ నీళ్ళే దానికీ పోతాయి. పక్క సీటు కాళ్ళ దగ్గర తడేమైనా ఉంటోందా?"

"తడెప్పుడూ ఉంటుంది."

"ఎప్పుడూ అంటే?"

"లాండ్రీ వాళ్ళం. మూట పెట్టుకుంటాం."

"ఆఁ, అవును కదా" అని తలుపు తెరవబోయినవాడు వెనక్కి తిరిగాడు. "తీపి వాసనేమైనా?"

"తువ్వాళ్ళకు లాడ్జీ వాళ్ళు వేయమన్న సెంటు."

"సరే మరి." గాలి పంపు విప్పేశాడు. "ఇంకో సంగతి. లోపల గాలి చిక్కుకుంటే ఒక్కోసారి నీళ్ళు పైకి తంతాయి."

"అంటే పెరిగినట్టు కనిపిస్తాయా?"

"ఒక్కోసారి. ఎందుకు, పెరిగాయా?"

నీళ్ళు నమిలాను. "లేదు" అన్నాను. ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ తెలియదు.

తర్వాత రోజుల్లో గోడ మీద గీతలు పెరిగాయి. కిందికి, కిందికి, పైకి. కిందికి, పైకి, కిందికి. వాటిలో ఒక వరస దొరుకుతుందేమోనని కూర్చుని చూసేవాణ్ణి. వరస లేదు. నేను చదివింది మూడో తరగతి. అక్కడ నేర్పిన లెక్కల్లో పోస్తే పెరిగేవి, కారితే తగ్గేవి. పోయకుండా పెరగడం నేర్పలేదు. నన్ను నేను కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. పచ్చమందు డబ్బా ముట్టుకున్నప్పుడల్లా, "ఇప్పుడు ముట్టుకున్నాను" అని పైకి అనేవాణ్ణి. ఒకసారి అల్లుడు విన్నాడు. "ఎవరితో మామయ్యా?" అన్నాడు. బల్లితో అన్నాను.

పన్నెండో రోజు పెద్ద మిషను ఆగిపోయింది. ఉతికిన బట్టలు లేవు. మాసినవి తేవడానికి మాత్రం ఖాళీ బండి వేసుకుని నేనూ మా ఆవిడా బయల్దేరాం. పైన మంచు పట్టి ఉంది. హీటర్ పెట్టాను. వేడి గాలి వచ్చింది, దాంతోపాటు ఆ తీపి వాసన. ముందు అద్దానికి పొర పట్టింది. ముల్లు ఇంకా మధ్యలోనే ఉంది. నా చూపంతా దాని మీదే.

"ఏమండీ, నా కాలు తడిసింది" అంది మా ఆవిడ.

"మూట తడి."

"మూటెక్కడుంది?"

ఆ మాట నా బుర్రకెక్కడానికి ఒక మలుపు పట్టింది. మలుపు తిరిగాక చూశాను. ఆవిడ కాళ్ళ కింద మూట లేదు. బండిలో ఎక్కడా ఒక్క తువ్వాలు లేదు.

బండి పక్కకు తీసి ఆపాను. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ వైపు తలుపు తీశాను.

"మేజోడు తియ్యి."

"రోడ్డు మీదా?"

"తియ్యి."

చలికి ఆవిడ తెల్ల మేజోళ్ళు వేసుకుంటుంది. కుడికాలిది తీసి ఇచ్చింది. వేళ్ళ దగ్గర పచ్చటి మరక. లేత చిగురు రంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఛీ, ఏంటా పని" అంది.

తీపి వాసన. సెంటు కాదు, పచ్చమందు. కాళ్ళ కింది చాప ఎత్తాను. దాని కింద నల్లటి స్పాంజి ఉంటుంది. పిండితే పచ్చ నీళ్ళు కారాయి, తువ్వాలు పిండినట్టు. పైకి చూస్తే, డాష్‌బోర్డు అడుగున హీటర్ పెట్టె మూల ఒక చుక్క వేలాడుతోంది. అది పడింది. ఇంకోటి వచ్చింది. ముందు అద్దం మీద వేలితో రాసి వాసన చూశాను. అదే వాసన. అదే జిడ్డు. నా కళ్ళు కాదు. అద్దం.

నేల మీద చుక్క ఎలా పడుతుంది? బండి తన నీళ్ళను తనే లోపల తాగుతోంది. మేం ఆ తడి మీద మూట పెట్టుకుని, తడి మూటదని చెప్పుకుంటున్నాం.

రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను.  మా ఆవిడ ఒంటికాలి మేజోడుతో వచ్చి పక్కన కూర్చుంది.

"చాప రోజూ తడిసే ఉండేది. నేను సాయంత్రం తీసి గోడ మీద ఆరేసేదాన్ని" అంది. "మూట తడే అనుకున్నాను."

"నాకు చెప్పకపోయావా?"

"చాప తడిసిందని చెప్పాలా? మన బతుకంతా తడే కదా." నా మొహంలోకి చూసింది. "అయితే మీరు మరిచిపోలేదన్నమాట."

"ఏం మరిచిపోవడం?"

ఆవిడ మేజోడు పిండింది. పిండడానికి అందులో ఏమీ లేదు.

"మీరు నీళ్ళు పొయ్యడం మరిచిపోతున్నారనుకున్నాను. మీరు స్నానానికి పోయినప్పుడు నేను పోసేదాన్ని. మూడోసారి ఆగితే తాళం తీసుకుంటానని అమ్మాయి అంది కదా. ఆగకుండా ఉంటే చాలనుకున్నాను."

"నువ్వా?"

"స్క్రూడ్రైవర్ నాకూ తిరుగుతుంది."

"అడగొచ్చు కదా నన్ను."

"అడిగితే మీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. బావగారిని కొళాయి సంగతి అడిగినప్పుడు ఆయన మొహం చూశాను."

నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. రెండూ రాలేదు. పన్నెండు రోజులు నేను నీళ్ళను కాపలా కాశాను, ఆవిడ నన్ను కాపలా కాసింది. ఎవరికి ఎవరు దొంగో తెలియకుండా పోయింది.

"ఎన్నిసార్లు పోశావు?"

"మూడు."

హీటర్ కట్టేసి, దారిలో రెండుసార్లు నీళ్ళు పోసుకుంటూ గొణుగుడు దగ్గరికి వచ్చాం. అతను హీటర్‌కు పోయే రెండు పైపులూ ఊడదీసి, తువ్వాళ్ళు ఆరేసే స్టాండు గొట్టం ముక్క ఒకటి మధ్యలో పెట్టి, ఒకదానికొకటి కలిపేశాడు. గొట్టం మా ఆవిడ మాసిన బట్టల బస్తాలోంచి తీసి ఇచ్చింది. అది ఎందుకు మోసుకు తిరుగుతోందో నేను అడగలేదు.

"ఇక నీళ్ళు హీటర్ దాకా పోవు. మీకు వేడిగాలి ఉండదు. పిన్ని చలికి వణుకుతుంది" అన్నాడు.

"వణకనీ" అంది ఆవిడ.

"అడిగానా లేదా బాబాయ్, కాళ్ళ దగ్గర తడి ఉందా అని?"

"అడిగావు."

"ఏమన్నారు?"

"లాండ్రీ వాళ్ళం అన్నాను."

అతను అరగంటసేపు గొణుగుతూనే ఉన్నాడు. మమ్మల్ని కాదు, తననే తిట్టుకుంటున్నాడనిపించింది. గాలి పంపు మళ్ళీ బిగించి కొట్టాడు. ముల్లు లేచి, లేచినచోటే నిలబడింది. ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి గుమ్మంలో ఉంది. ఆలస్యమైతే ఫోన్ చేయాలని మాకు తట్టలేదు.

"ఆగిందా?"

"ఆపాను" అన్నాను.

మా ఆవిడ మేజోడు చూపించి మొత్తం చెప్పింది. చాప, స్పాంజి, చుక్క. తను పోసిన సంగతి కూడా దాచలేదు. అమ్మాయి వింటూ వింటూ అక్కడున్న బట్టల బుట్ట మీద కూర్చుండిపోయింది. అల్లుడు లోపలినుంచి, "అయితే మన సెంటు వాసన మంచిదని లాడ్జీ వాళ్ళు మెచ్చుకున్నది దీన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఇంట్లో చాలా రోజులకు.

"ఆపిందానికి లెక్కలేదులే నాన్నా. తాళం నీ దగ్గరే ఉంచుకో" అంది అమ్మాయి. కళ్ళు తుడుచుకుంది. "నేను ఏదేదో అనుకున్నాను."

నేను తల ఊపాను. జేబులో తాళం బరువుగా తగిలింది.

సాయంత్రం షెడ్డులోకి పోయి గోడ చూశాను. పదకొండు గీతలు. ఏడు కిందికి. నాలుగు పైకి. మళ్ళీ లెక్కపెట్టాను. గీతలు ఎక్కడా చెరగలేదు, అన్నీ నా చేత్తో గీసినవే.

మా ఆవిణ్ణి పిలిచాను.

"మూడేనా? నాలుగు కాదూ?"

"మూడే. పసుపు అంచు దుప్పట్లు తిరిగి ఇచ్చిన రోజు ఒకటి. అల్లుడు ఇస్త్రీకి చెయ్యి కాల్చుకున్న రోజు ఒకటి. మొన్న వాన రోజు ఒకటి."

ఒక్కోటి గోడ మీద వెతికాను. మూడో పొద్దు సరిపోయింది. ఎనిమిదో పొద్దు సరిపోయింది. పదో పొద్దు సరిపోయింది. ఐదో పొద్దు గీత మిగిలింది. నేను గొణుగుడు దగ్గరికి పోయిన రోజు.

"గాలి తన్నిందేమో. అతను చెప్పాడంటిరి కదా" అంది.

"ఆ రోజు పచ్చమందు డబ్బా కూడా తగ్గింది."

"రబ్బరు బ్యాండు జారిందేమో."

"బ్యాండు జారితే మందు డబ్బా ఎలా తగ్గుతుంది?"

ఆవిడ సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని అరుగు మీద పెట్టింది. "చలిగా ఉంది, లోపలికి రండి" అంది.

ఐదో పొద్దు ఏం చేశానో గుర్తు తెచ్చుకోబోయాను. లేచాను. స్నానం చేశాను. షెడ్డులోకి వచ్చాను. అంతవరకు స్పష్టంగా ఉంది. అయితే అది ఐదో పొద్దో, ఆరో పొద్దో, పోయినేటి పొద్దో చెప్పలేను. అన్ని పొద్దులూ ఒక్కలాగే మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. బండి సంగతి తేలింది. నా సంగతి సగమే తేలింది.

మర్నాడు పొద్దునకు మిషను బాగైంది. అమ్మాయిని షెడ్డులోకి పిలిచాను. బానెట్ ఎత్తే ఉంది. నీళ్ళు బ్యాండు దగ్గరే నిలబడ్డాయి, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అది చూపించాను. తర్వాత గోడ చూపించాను.

"ఈ మూడూ మీ అమ్మ పోసింది. ఇది ఎవరు పోశారో తెలియదు. నేనే అయ్యుండాలి. నాకు గుర్తులేదు."

అమ్మాయి గోడ వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"అది నేను పోశాను నాన్నా" అంది.

"నువ్వా?"

"నేనే. అమ్మలాగే. నువ్వు మరిచిపోయావేమోనని."

బానెట్ మూశాను. కొక్కెం టక్కున పడింది. స్క్రూడ్రైవర్ బల్ల మీద ఉంది, అమ్మాయి చేతికందేంత దూరంలో. తెరిచి చూపించమంటే అయిపోయేది. ఆ సందు ఎక్కడుందో తనకు తెలియదని నాకు తెలుసు. నాకు తెలుసని తనకు తెలుసో లేదో, అది నాకు తెలియదు.

అడగలేదు. జేబులోంచి తాళం తీసి అమ్మాయి చేతిలో పెట్టాను.

"నేను నిన్న వద్దన్నాను కదా" అంది.

"ఈ రోజుకు నువ్వు నడుపు. మూడో మలుపు దగ్గర గేరు ముందే తగ్గించాలి, నేను చెప్తాను. ముల్లు మాత్రం నువ్వు చూసుకో."

అవతలికి తిరిగి పోయి పక్క సీట్లో కూర్చున్నాను. చాప తీసేసి ఉంది. పాదాలు వట్టి ఇనుము మీద పెట్టాను. చల్లగా ఉంది. తడి లేదు. తువ్వాళ్ళ మూట అందుకుని కాళ్ళ మధ్య పెట్టుకున్నాను.